ఏ కంపెనీకీ చెందని గోడ

ఫిబ్రవరి 4, మంగళవారం

ఈ డైరీ ఎవరి కంటా పడకూడదు. అందుకే గ్రంథాలయంలో దాస్తున్నాను.

విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివి, ఏడాదిపాటు జాతీయ సేవ చేస్తానని సంతకం పెడితే, దేశం నన్ను తిప్పి తిప్పి మా ఒతుఫానోకే పంపింది. సముద్రపు ఒడ్డున కొత్త భవనం. తాళం వేసి ఉంది. తాళం ముందు కుర్చీ. కుర్చీలో నేను. పైన పెద్ద బోర్డు: ఒతుఫానో ప్రజా గ్రంథాలయం, సాంస్కృతిక కేంద్రం. ప్రజలను లోపలికి రానివ్వకుండా చూడటమే ప్రస్తుతానికి నా సేవ.

ఇంకా ప్రారంభం కాలేదు కదా మరి. డబ్బిచ్చిన విదేశీ దాతలు ఒక షరతు పెట్టారు. బయటి గోడ మీద స్థానిక చరిత్రను చాటే చిత్రం ఉండాలి. తమ మనిషి వచ్చి దాన్ని ఫొటో తీశాకే తలుపు తెరవాలి. పుస్తకాలు కూడా వాళ్ళే పంపారు. నేను తెరిచిన మొదటి పెట్టెలో మంచు రోడ్ల మీద కారు నడిపే పద్ధతి గురించిన పుస్తకం పదకొండు ప్రతులు ఉన్నాయి. ఒతుఫానోలో మంచు అంటే చేపల పెట్టెలో వేసేది.

మిగతా పెట్టెలు ఆంటీ అరబావి. ఆవిడ నా పై అధికారి. భవనం లేని రోజుల్లో ఈ ఊరి గ్రంథాలయాన్ని తన అక్క చేపలకు పొగపెట్టే కొట్టంలో ఇరవై ఏళ్ళు నడిపారు. ఆ పుస్తకాల అట్ట తీస్తే చాలు, కమ్మని ఎండుచేప వాసన. ఊళ్ళో పిల్లులకు ఉన్నంత సాహిత్యాభిలాష మనుషులకు లేకపోవడానికి కారణం అదే. వచ్చే డిసెంబరులో ఆంటీ ఉద్యోగ విరమణ. ఈలోగా ఒక్కసారైనా తలుపూ తాళమూ ఉన్న గ్రంథాలయంలో కూర్చోవాలని ఆవిడ కోరిక. ఆ మాట ఆవిడ అనలేదు. రోజూ పొద్దున్నే వచ్చి కిటికీ అద్దాలు బయటినుంచి తుడుస్తారు, అంతే.

"ఒక్క బొమ్మే కదా ఆంటీ. వారంలో అయిపోతుంది," అన్నాను.

"మీ నాన్నది రెండో నంబరు కదూ?"

"ఆ నంబర్ల పట్టింపు నాకు లేదాంటీ. చదువుకున్నవాణ్ణి."

"వారం అన్నావుగా. ఎక్కడైనా రాసిపెట్టుకో నాన్నా."

రాసిపెట్టుకున్నాను.

ఫిబ్రవరి 6

ప్రాంతీయ కార్యాలయం నుంచి ఫోను. కొత్తగా వచ్చిన అధికారిణి కుమాసీ మనిషి. సముద్రం ఎప్పుడూ చూడని గొంతు.

"చిత్రం విషయంలో కంపెనీలతో మాట్లాడమని మీ ఆంటీ రాశారు. ఏ కంపెనీలు? రిజిస్టరయ్యాయా?"

నేను కుర్చీలోంచి లేచి నిలబడి, విద్యావంతుడికి తగిన గాంభీర్యంతో వివరించాను. "మేడమ్, మా ఫాంటీ రేవుల్లో కంపెనీ అంటే జీతమిచ్చేది కాదు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. పూర్వం ఊరిని కాపాడిన దండ్లు ఇవి. ఇప్పుడు బయటి శత్రువులు ఎవరూ రావడం లేదు కాబట్టి ఒకరి నుంచి ఒకరు కాపాడుకుంటున్నారు. మా ఊళ్ళో రెండు. తూర్పు పేటలో ఒకటో నంబరు, పడమటి పేటలో రెండో నంబరు. దండుకో సేనాపతి. సుపి అంటాం. దండుకో రంగు, దండుకో జెండా. జెండా మీద బొమ్మ ఉంటుంది."

"బొమ్మకు అర్థం ఉంటుందా?"

"ప్రతి బొమ్మకూ ఒకటే అర్థం మేడమ్. అవతలి కంపెనీ వాళ్ళు చవటలు."

తెల్లదొరల కాలంలో కొత్త జెండా కుట్టించుకోవాలంటే దొర ముందు పరిచి అనుమతి తీసుకోవాల్సి వచ్చేదనీ, లేకపోతే తలలు పగిలేవనీ కూడా చెప్పాను.

"అయితే జెండాల జోలికే పోవద్దు. చేపను వేయించండి. చేపతో ఎవరికి గొడవ?"

చదువుకున్నవాళ్ళం ఇద్దరం వెంటనే ఏకీభవించాం.

ఫిబ్రవరి 11, మంగళవారం

చిత్రకారిణి వచ్చింది. పేరు జీఫా. కేటా వైపు అమ్మాయి, ఎవే జాతి. మా కంపెనీలు ఆమెకు ఏ వైపునుంచీ తగలవు. లలితకళలు చదివింది. నవ్వదు. ఎదుటివాళ్ళను నవ్వించి తను నిచ్చెనెక్కి పని చేసుకుంటుంది.

పన్నెండు గంటలకల్లా ముందు గోడ మీద సుద్దతో పెద్ద చేప. మంగళవారం సముద్రానికి సెలవు. పడవలన్నీ ఒడ్డునే, మగాళ్ళందరూ ఖాళీయే. రెండు గంటలకల్లా మా పెద్దనాన్న వచ్చారు. సుపి ఎసుమాన్, రెండో నంబరు సేనాపతి. వెనక ఎర్ర తలపాగాలు.

"ఏరా ఎబో, ఆ చేప మొహం ఎటుంది?"

"పడమటికి పెద్దనాన్నా."

"పడమట ఎవరుంటారు?"

"మనం."

"నోరెలా ఉంది?"

"తెరిచి ఉంది."

"నోరు తెరుచుకుని ఒకటి మన ఇంటి మీదికొస్తుంటే దాన్నేమంటారు, మీ విశ్వవిద్యాలయంలో?"

"ఊపిరి పీల్చుకోవడం అంటారు."

వెనక ఎవడో నవ్వాడు. పెద్దనాన్న చూపుతో వాడి నవ్వు లోపలికే పోయింది. "తిప్పించు," అన్నారు.

జీఫా నిట్టూర్చి, చేపను చెరిపి, మొహం తూర్పుకు తిప్పి మళ్ళీ గీసింది.

ఫిబ్రవరి 12

పొద్దున్నే ఒకటో నంబరు. తెల్ల తలపాగాలు. సుపి బొంజీ ముందు నడిచారు. ఆయన కంటే ముందు ఆయన పొట్ట నడిచింది. పడవ ఇంజన్లకు సర్కారు చవగ్గా ఇచ్చే పెట్రోలును పంచే సంఘానికి కూడా ఆయనే అధ్యక్షుడు. గొంతు చాలా మెత్తన. పెట్రోలు లేదని చెప్పడానికి అలాంటి గొంతే కావాలి.

"చిన్న పంతులూ, నిన్న ఒక్క పూటలోనే చేప తిరిగిందట. మీ పెద్దనాన్న ఊదితే చేపలు కూడా తిరుగుతాయా?"

"అది కాదు సుపి గారూ..."

"ఇప్పుడు నోరు మా వైపుంది. అది చాలదన్నట్టు తోక మీ వైపు ఊపుతోంది, కుక్కలాగా. అంటే మీ వాళ్ళ మాట విని మమ్మల్ని కరవడానికి వస్తోందనే కదా?"

"చేప కరవదండీ."

"బొమ్మలోది కరుస్తుంది."

చేప వెళ్ళిపోయింది. గోడ మీద తడి మరక మిగిలింది. నిష్పక్షపాతంగా చెప్పాలంటే నిన్నటి నోరు నిజంగానే కొంచెం పెద్దగా ఉంది. మొదట అభ్యంతరం పెట్టినవాళ్ళది చూపు అనాలి. రెండోసారి పెట్టినవాళ్ళది ఏడుపు.

ఫిబ్రవరి 14

తెరిచిన పుస్తకం వేద్దామన్నాను. గ్రంథాలయం కదా. ఇంతకంటే అమాయకమైన వస్తువు ప్రపంచంలో ఉందా?

ఉందట. మా ముత్తాతల కాలంలో రెండో నంబరు వాళ్ళు పుస్తకం బొమ్మ జెండా ఎగరేశారట, తమలో ఇద్దరికి చదవడం వచ్చినందుకు. ఆనాడు విరిగిన పళ్ళు ఎవరెవరివో ఒకటో నంబరు పెద్దలు పేరుపేరునా చెప్పారు.

మూసిన పుస్తకం? "మూసేశారంటే ఓడిపోయామని ఒప్పుకున్నట్టే," అన్నారు పెద్దనాన్న.

ఫిబ్రవరి 18, మంగళవారం

బొమ్మ లేకుండా ఉత్త రంగు. తెలుపు ఒకటో నంబరుది. ఎరుపు మాది. ఆకుపచ్చ ఒక పార్టీది, నీలం ఇంకో పార్టీది. పసుపు వేస్తే ఇది మా ప్రార్థనా మందిరం రంగు కదా అని పాస్టరు గారు ఆనందపడ్డారు, దాంతో మిగతా నాలుగు మందిరాల పాస్టర్లూ వచ్చారు. తెలుపూ ఎరుపూ కలిపి గులాబీ వేద్దామని జీఫా అంది. రెండు కంపెనీలూ చరిత్రలో మొదటిసారి ఒకే మాట మీద నిలబడి ఆమెను తిట్టాయి.

"మా మీద చిన్నచూపా?" అని ఒకాయన అరిచాడు.

"చూపేమీ లేదు. రంగే ఉంది," అంది నిచ్చెన మీద నుంచి.

సిమెంటు రంగులోనే వదిలేద్దామని ప్రాంతీయ కార్యాలయానికి ఫోను చేశాను. "చరిత్ర లేని ఊరని దాతలు అనుకోరూ?" అన్నారు మేడమ్.

నేను తలకు ఎర్రగుడ్డ కట్టుకుంటున్నాను. ఎండ మండిపోతోంది. తెల్లగుడ్డ అయితే త్వరగా మాసిపోతుంది.

ఫిబ్రవరి 19

జీఫాకు జ్వరం. పని లేదు.

ఫిబ్రవరి 20

పని లేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

అసలు సంగతి ఇవాళ తెలిసింది. జిల్లా కచేరీ నుంచి మనిషి వచ్చి తలుపుకు కాగితం అంటించాడు. మార్చి నెలాఖరుకు గ్రంథాలయం ప్రారంభం కాకపోతే, నిరుపయోగంగా పడి ఉన్న ఈ భవనాన్ని పెట్రోలు సంఘం పీపాలు నిలవ చేసుకోవడానికి ఇస్తారట. దరఖాస్తు పెట్టుకున్నవారు సంఘాధ్యక్షులు సుపి బొంజీ.

అంటే ఆయన ఒక చేత్తో సుపిగా ప్రతి బొమ్మనూ చెరిపిస్తూ, ఇంకో చేత్తో అధ్యక్షుడిగా ఖాళీ గోడ చూపించి భవనం అడుగుతున్నాడు. కుళ్ళుబోతుతనాన్ని ఇంత క్రమశిక్షణతో నడిపేవాళ్ళు జిల్లాలో ఇంకొకరు ఉండరు.

నేను ఒడ్డు మీదికెళ్ళి ఆయన్ను నిలదీశాను. ఆయన వలల గుట్ట మీద కూర్చుని పులిసిన మొక్కజొన్న పిండి కెంకే ముద్దను మిరపకాయల నూరుడులో అద్దుకుంటున్నారు.

"ఇది అన్యాయం సుపి గారూ."

"కూర్చో చిన్న పంతులూ. చేప తీసుకో. పుస్తకాలు పోస్తే పడవ నడుస్తుందా?"

"పీపాలు చదివితే పరీక్ష పాసవుతారా?"

"బాగా అన్నావు," అని నిజంగానే మెచ్చుకున్నారు. "నీ పెద్దనాన్నకు లేని బుర్ర నీకుంది. అయినా నేను అడ్డుపడ్డానా? మీరు చక్కటి బొమ్మ వేస్తే నేనే వచ్చి చప్పట్లు కొడతాను. మా వాళ్ళను అవమానించని బొమ్మ ఒక్కటి చూపించు."

చూపించలేను. ఆయనకు తెలుసు. చేప మాత్రం బాగుంది.

తిరిగొచ్చేసరికి ఆంటీ ఆ కాగితం చదువుతున్నారు. చదవడం అయ్యాక దాని అంచులు లేవకుండా బొటనవేలితో ఒత్తి సరిగ్గా అంటించారు. కిటికీ తుడిచే గుడ్డ ఆవిడ చేతిలోనే ఉంది. ఇవాళ అద్దాలు తుడవలేదు.

ఏదో ఒక జోకు వేద్దామనుకున్నాను. రాలేదు.

ఫిబ్రవరి 27

ఆలోచిస్తున్నాను. ఇది కంపెనీ విషయం కాదు, న్యాయం విషయం. న్యాయం రెండో నంబరు వైపు ఉండటం కేవలం కాకతాళీయం.

మార్చి 4, మంగళవారం

ఇవాళ పెద్దరాజు గారి వాకిట్లో పంచాయితీ. పిలిపించింది ఆంటీ. నానా గారు మా ఊరి రాజు. చాలా పెద్దవాడు. గొడుగు కింద కునుకు తీస్తూనే తీర్పులు చెబుతాడు, ఒక్కటీ తప్పు పోలేదంటారు. తూర్పున తెల్ల తలపాగాలు, పడమట ఎర్ర తలపాగాలు. నేను మధ్యలో కూర్చుందామనే వెళ్ళాను. చోటు పడమటి వైపే దొరికింది.

గంటసేపు రెండు వైపులా చేపను తలుచుకుని తిట్టుకున్నారు. తర్వాత ఆంటీ అరబా లేచి, పైగుడ్డ నడుముకు బిగించారు.

"నానా, మా నాన్న ఒకటో నంబరు. మా ఆయన రెండో నంబరు. పెళ్ళైన నాటి నుంచీ ఇద్దరూ నా వంటింట్లో కూర్చుని ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉన్నారు. ఒకే కుండలోది తింటూనే ఉన్నారు. తిట్టుకోవద్దంటే ఇద్దరికీ ముద్ద దిగదు. ఈ ఊళ్ళో అవమానం లేని బొమ్మ వెతికితే దొరుకుతుందా? అందుకని అవమానమే వేయిద్దాం."

నానా గారు ఒక కన్ను తెరిచారు.

"ముందు గోడ వదిలేయండి. పక్క గోడలు రెండున్నాయి. తూర్పుది ఒకటో నంబరుకు, పడమటిది రెండో నంబరుకు. ఎవరి గోడ మీద వాళ్ళు అవతలి వాళ్ళను కడుపారా తిట్టుకోండి. బొమ్మలోనే. దాతలు అడిగింది మన చరిత్రే కదా, ఇదే మన చరిత్ర."

"అదీ మాట!" అని రెండు వైపులనుంచీ కేకలు.

"ఆగండి. నానా ముందు పూర్వీకులకు మందు ధారపోసి ఒట్టు పెట్టాలి. ఎక్కిన బొమ్మను ఎవరూ చెరపకూడదు. ఆ ఇల్లు గ్రంథాలయంగా ఉన్నన్నాళ్ళే రెండు గోడలూ మీవి. లోపలికి ఒక్క పీపా వచ్చిందా, రెండింటికీ సున్నం."

అందరి తలలూ సుపి బొంజీ వైపు తిరిగాయి. ఆయన పొట్ట మీద చెయ్యి వేసుకుని, గోడ వైపు చూస్తున్నట్టు గాల్లోకి చూశారు. పీపాలు కావాలి. రెండో నంబరు వాళ్ళను ఊరు ఊరంతా చూసేలా, ఎండకూ వానకూ చెక్కుచెదరకుండా తిట్టే అవకాశం కూడా కావాలి. ఆ మొహంలో ఆ రెండూ కలబడ్డాయి. నాకు జాలి వేసింది, కొద్దిగా.

మా పెద్దనాన్న గొంతు సవరించుకున్నారు. "పోనీలెండి నానా, ఆయన్ను ఇబ్బంది పెట్టకండి. మమ్మల్ని తిట్టడానికి పాపం వాళ్ళకేమీ తోచట్లేదేమో. పీపాలే పెట్టుకోనివ్వండి."

"తోచట్లేదా!" సుపి బొంజీ లేచారు. ఆ మెత్తటి గొంతు ఎటు పోయిందో. "తోచట్లేదా ఎసుమానూ? ఒక్క గోడ మాకు ఏ మూలకురా! పోయండయ్యా మందు!"

మందు నేల మీద పోశారు. పూర్వీకులను పిలిచారు. వాళ్ళు కూడా ఈ సందర్భం కోసమే కాచుకుని ఉంటారు.

ఈ ఉపాయం నాకు ఎప్పుడో తట్టింది. ఆంటీ నాకంటే ముందు నోరు తెరిచారు, అంతే.

మార్చి 7

మా గోడకు బొమ్మ ఆలోచించే బాధ్యత కంపెనీ నా మీద పెట్టింది. "మన కంపెనీ" అని రాయబోయి ఆగాను. రాస్తే ఏం, నా డైరీయే కదా.

నేనిచ్చిన బొమ్మ: పెట్రోలు పీపా మీద తెల్ల తలపాగా కట్టుకుని నిద్రపోతున్న లావుపాటి పిల్లి. పీపా కింద బెజ్జం. ఎలుకలు అందులోంచి పెట్రోలు పట్టుకుని పడవ వేసుకుని వెళ్ళిపోతున్నాయి. పిల్లి పొట్ట విషయంలో జీఫాకు ప్రత్యేకంగా కొలతలు చెప్పాను.

పెద్దనాన్న నా వీపు చరిచారు. "మీ నాన్న టకోరడీ రేవులో ఉండిపోయి కంపెనీకి పనికి రాకుండా పోయాడు. నువ్వు మాత్రం మా రక్తమేరా."

చరిత్ర పట్టా తీసుకున్న రోజు కూడా నాకు ఇంత సంతోషం కలగలేదు.

మార్చి 12

రెండు గోడలకూ పాత తెరచాపలు కట్టారు. ఒక కంపెనీ బొమ్మ ఇంకో కంపెనీకి చెప్పనని జీఫా ఒట్టు పెట్టింది. రెండు వైపులా కాపలా. కాపలావాళ్ళు ఎండకు ఉండలేక వసారాలో చేరారు. వాళ్ళు ఒకటే గోల చేస్తుంటే ఆంటీ ఒక పెట్టె విప్పి, మన తీరపు పాత యుద్ధాల పుస్తకం తీసి పైకి చదివి వినిపించారు. తెలుపూ ఎరుపూ పక్కపక్కన కూర్చుని విన్నాయి. తమ వాళ్ళు గెలిచినచోట ఈలలు, ఓడినచోట "అచ్చుతప్పు" అని కేకలు.

మార్చి 17

ఒక విషయం రాయాలి. సాధారణంగా ఇలాంటివి నేను రాయను.

జీఫా నన్ను చూస్తోంది. మామూలుగా కాదు. తూర్పు తెరచాప వెనకనుంచి బయటికొచ్చి, కళ్ళు చికిలించి, తల పక్కకు వాల్చి, చాలాసేపు. ఇవాళ "కొంచెం పక్కకు తిరుగు" అంది. తిరిగాను. "గడ్డం ఎత్తు. కళ్ళజోడు తియ్యకు," అంది. మళ్ళీ తెరచాప వెనక్కి వెళ్ళిపోయింది. సిగ్గు.

మార్చి 19

ఆమెకు కెంకే, వేయించిన చేప తీసుకెళ్ళాను. తింటూ నా చెవుల వైపు చూసింది.

"నీ చెవులు నిజంగా అంతేనా?"

"అంతే."

"మంచిది," అంది తృప్తిగా.

నా చెవులను ఇంతవరకు ఎవరూ మెచ్చుకోలేదు. కేటా వాళ్ళ అభిరుచి వేరు కాబోలు.

మార్చి 23

ప్రారంభం రేపు కాదు, ఎల్లుండి. జిల్లా అధ్యక్షుడు వస్తాడు. దాతల తరఫున ఫొటోగ్రాఫరు వస్తాడు. ఆంటీ కొత్త గౌను కుట్టించుకున్నారు. ఆ సంగతి నాకు చెప్పలేదు, వాళ్ళాయన చెప్పాడు.

మార్చి 25, మంగళవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

ఊరంతా వచ్చింది. డప్పులు. రెండు కంపెనీలూ జెండాలతో వచ్చి ఎవరి గోడ వైపు వాళ్ళు నిలబడ్డారు. నానా గారి గొడుగు మధ్యలో. ముందుగా పడమటి తెరచాప దించారు.

పిల్లి! ఏం పిల్లి! ఎలుకల మీసాలు కూడా కనిపిస్తున్నాయి. మా వైపునుంచి లేచిన కేకకు సముద్రం మీది కొంగలన్నీ ఎగిరిపోయాయి. అందరూ సుపి బొంజీని చూశారు. ఆయన దగ్గరికొచ్చి, పిల్లి పొట్టనూ తన పొట్టనూ పోల్చి చూసుకుని, "పుష్టిగా ఉంది. తిండి పెట్టేవాళ్ళ ఇల్లు అని తెలుస్తోంది," అన్నారు. పాపం, పైకి అలా అన్నారు గానీ లోపల ఎంత కుమిలిపోయారో.

తర్వాత అందరం తూర్పుకు వెళ్ళాం. తెరచాప దించారు.

మేక.

కుర్చీలో కూర్చుని ఉంది. తలకు ఎర్రగుడ్డ. గుండ్రటి కళ్ళజోడు. చారల చొక్కా. వెనక తాళం వేసిన తలుపు. ఒడిలో పుస్తకం, నోట్లో సగం పుట. దాని ముందు ఎర్ర తలపాగాల దండు మొత్తం చేతులు కట్టుకుని, అందులో ఏముందో మేక గారు నెమరువేసి చెబుతారని ఎదురుచూస్తోంది. చెవులు... చెవుల గురించి రాయను.

నేను వేసుకున్నది చారల చొక్కాయే.

ఒకటో నంబరు వాళ్ళు కూడా నవ్వు బిగబట్టుకుని మా పెద్దనాన్న వైపే చూస్తున్నారు. ఒక సుపికి, ఆయన మొత్తం దండుకు జరిగిన అవమానం. ఇప్పుడు రాయి లేస్తే తలుపు ఇక తెరుచుకోదు. ఆంటీ తాళంచెవిని రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు.

పెద్దనాన్న గోడ దగ్గరికి నడిచారు. పైనుంచి కిందికి చూశారు.

"ఎబో. ఇలా రా."

వెళ్ళాను.

"పక్కకు తిరుగు."

తిరిగాను.

"గడ్డం ఎత్తు."

ఎత్తాను. ఆయన గోడను చూశారు, నన్ను చూశారు, మళ్ళీ గోడను చూశారు. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. భుజం మీది గుడ్డ జారిపోయేంతగా నవ్వుతున్నారు. "బొంజీ! ఒరే దొంగసచ్చినోడా! చెవులు చూడరా!" అంటూ సుపి బొంజీ మెడ మీద చెయ్యి వేసి ఆయన మీద వాలిపోయారు. సుపి బొంజీ కళ్ళు తుడుచుకుంటున్నారు. అంతే, తెలుపూ ఎరుపూ తేడా లేకుండా ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది. నానా గారు రెండు కళ్ళూ తెరిచి నవ్వారు. నూరేళ్ళుగా తలలు పగలగొట్టుకున్న రెండు కంపెనీలు ఒక్కటయ్యాయి. ఈ ఐక్యతకు ప్రాణత్యాగం చేసింది ఎవరో చరిత్ర గుర్తుంచుకుంటుంది. గోడ మీదే ఉంది కదా.

జిల్లా అధ్యక్షుడు రిబ్బను కత్తిరించినట్టున్నాడు. ఎవరూ చూడలేదు.

తలుపు తెరిచింది ఆంటీయే. ముందు ఎండుచేప వాసన బయటికొచ్చింది, తర్వాత జనం లోపలికెళ్ళారు. నేను కిటికీలోంచి చూశాను. ఆంటీ నవ్వలేదు. బల్ల వెనక కూర్చుని, శుభ్రంగా ఉన్న బల్లనే అరచేత్తో ఒకసారి తుడిచి, ముద్ర తీసి పక్కన పెట్టుకుని, "ముందు ఎవరు?" అన్నారు.

మార్చి 26

జీఫా వెళ్ళిపోయింది. నేను బస్సు దగ్గరికి వెళ్ళలేదు. బస్సే గ్రంథాలయం ముందు ఆగింది, మేకను చూడటానికి. కిటికీలోంచి చెయ్యి ఊపింది. మొదటిసారి నవ్వింది.

మార్చి 28

జనం మేకను చూడటానికి వస్తున్నారు. ఎండకు తాళలేక ఫ్యాన్ల కింద చేరుతున్నారు. చేరాక ఆంటీ వాళ్ళ చేతుల్లో ఏదో ఒకటి పెడుతున్నారు. ఒకటో నంబరు వాళ్ళు ఎర్ర తలపాగాలు పారిపోయిన యుద్ధం ఏ పుటలో ఉందని అడుగుతున్నారు. మా వాళ్ళు తెల్ల తలపాగాలు పారిపోయినది అడుగుతున్నారు. ఒకటే పుస్తకం, ఒకటే పుట. వరస కట్టి చదువుతున్నారు.

దాతలకు ఫొటో చేరింది. పశుపోషణకూ విద్యకూ ఉన్న సంబంధాన్ని ఇంత హృద్యంగా చెప్పిన స్థానిక చరిత్రను తామెక్కడా చూడలేదట. పుస్తకాలు ఇంకా పంపుతారట.

మార్చి 30

పొద్దున్నే తడిగుడ్డ తీసుకుని తూర్పు గోడ దగ్గరికి వెళ్ళాను. చెవి మీద కొంగ రెట్ట పడినట్టు అనిపించి. పడలేదు, కానీ పడి ఉండొచ్చు కదా. కొంచెం గట్టిగా రుద్దానేమో.

ఒకటో నంబరు కాపలావాడు కేక పెట్టాడు.

ఏప్రిల్ 1, మంగళవారం

మళ్ళీ నానా గారి వాకిలి. ఒట్టు తప్పి కంపెనీ బొమ్మను చెరపబోయిన నేరం. నేను రెట్ట సంగతి చెప్పాను. నానా గారు కళ్ళు మూసుకునే విన్నారు.

"పెద్దనాన్నా, మీరైనా చెప్పండి," అన్నాను.

"రెట్ట నేను చూడలేదురా," అన్నారు మా సేనాపతి.

సుపి బొంజీ చాలా మెత్తగా మాట్లాడారు. "కుర్రాడు. జరిమానాలు వద్దు నానా. మేక మాది, నిజమే. కానీ మొహం వాడిది. రంగు వెలిస్తే వాడికే బాధ. అందుకని ఆ బొమ్మ బాగోగులు వాడికే అప్పగిద్దాం. ఏటా పండుగ ముందు వాడే వచ్చి రంగు వెయ్యాలి."

తెలుపూ ఎరుపూ ఒప్పుకున్నాయి. నా సేవ సెప్టెంబరులో ముగుస్తుంది. ఈ సేవ ముగిసే తేదీ ఎవరూ చెప్పలేదు.

బయటికొచ్చాక జీఫాకు ఫోను చేశాను, ఏ డబ్బా రంగు వాడిందో రాసుకుందామని. చెప్పింది. కళ్ళజోడుకు నలుపు, కొమ్ములకు బూడిద, చెవులకు గోధుమ. రాసుకున్నాను.

"ఇంకో విషయం," అన్నాను. "మళ్ళీ వేసేటప్పుడు చెవులు... ఒక్క అంగుళం... తగ్గించొచ్చా?"

"నువ్వు చదివింది ఏమిటి?"

"చరిత్ర."

"మరి చరిత్రను దిద్దుతావా?" అని పెట్టేసింది.